క్రిస్మస్ సంచికల్లో పేదల బొమ్మలు: 19వ శతాబ్దపు పత్రికా చిత్రాల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

మంచులో వణుకుతున్న తల్లీపిల్లలు, గొప్పింటి గుమ్మంలో చేయి చాచిన ముసలివాడు, పొడవాటి బల్లల మీద విందు తింటున్న అనాథలు. 1840 నుంచి 1890 దాకా లండన్, న్యూయార్క్ వారపత్రికల్లో డిసెంబర్ వచ్చిందంటే ఇలాంటి బొమ్మలు తప్పనిసరిగా ఉండేవి. ఇంటర్‌నెట్‌లో వీటిని చూసినవాళ్లూ, పాత పుట ఒకటి కొనుక్కున్నవాళ్లూ, పిల్లలకి పాఠంగా చెప్పాలనుకునేవాళ్లూ మాటిమాటికీ అడిగే ప్రశ్నలకి జవాబులు ఇవి.

ఈ బొమ్మలు ఏ పత్రికల్లో వచ్చాయి?

ముందుగా చెప్పుకోవలసింది ఇలస్ట్రేటెడ్ లండన్ న్యూస్. హెర్బర్ట్ ఇంగ్రమ్ దీన్ని 1842 మే 14న మొదలుపెట్టాడు. మొదటి సంచికలో 16 పుటలు, 32 బొమ్మలు, వెల ఆరు పెన్నీలు. వార్తని బొమ్మతో చెప్పడమే పనిగా పెట్టుకున్న తొలి వారపత్రిక ఇదే. దానికి ఏడాది ముందే, 1841లో, పంచ్ వచ్చింది. అందులో ఎక్కువగా వ్యంగ్య చిత్రాలు. 1869 డిసెంబర్ 4న ది గ్రాఫిక్ బయల్దేరింది. దాన్ని స్థాపించిన విలియం లూసన్ థామస్ స్వయంగా చెక్క అచ్చులు చెక్కినవాడు కాబట్టి బొమ్మ విలువ అతనికి బాగా తెలుసు. అమెరికాలో 1857 నుంచి హార్పర్స్ వీక్లీ.

ఆరు పెన్నీలు అంటే అర షిల్లింగు. కూలి మీద బతికేవాళ్లు ప్రతి శనివారం పెట్టగలిగిన డబ్బు కాదు. బొమ్మలో కనిపించేవాళ్లు ఒకరు, ఆ బొమ్మని కొనేవాళ్లు ఇంకొకరు. ఈ సంగతి గుర్తుంచుకుంటే కింది జవాబుల్లో సగం వాటంతట అవే అర్థమవుతాయి.

క్రిస్మస్‌కే ఇన్ని పేదల బొమ్మలు ఎందుకు?

పేదరికం ఏడాది పొడవునా ఉండేది. కానీ చలికాలంలో అది వీధిలోకి వచ్చేది. నేల గడ్డకడితే తోటపని ఆగిపోతుంది, ఇటుకపని, తాపీపని ఆగిపోతాయి, రేవులో ఓడలు తగ్గుతాయి. పని లేని రోజు కూలి లేదు. అదే సమయంలో బొగ్గు ఖర్చు పెరుగుతుంది. అందుకే ఆ కాలపు దానాల్లో తిండి తర్వాత మాట బొగ్గుదీ, కంబళ్లదీ, ఫ్లానెల్ గుడ్డదీ.

రెండో కారణం వ్యాపారం. పత్రికలు క్రిస్మస్‌కి ప్రత్యేక సంచికలు వేసేవి, వాటి అమ్మకం మామూలు వారాల కంటే చాలా ఎక్కువ. 1880 క్రిస్మస్‌కి గ్రాఫిక్ తన సంచికతో ఇచ్చిన, మిలే అనే చిత్రకారుడి రంగుల బొమ్మ చెర్రీ రైప్ ఐదు లక్షలకి పైగా అమ్ముడుపోయింది. అది పేదల బొమ్మ కాదు, ముద్దులొలికే చిన్నపాప బొమ్మ. అయితే ఆ సంచికలు ఎన్ని ఇళ్లకి చేరేవో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు. ఒక ఆకలి బొమ్మ అన్ని ఇళ్ల బల్లల మీదికి చేరే వారం ఏడాదిలో అదొక్కటే.

వర్క్‌హౌస్ అంటే ఏమిటి? బొమ్మలో ఎలా గుర్తుపట్టాలి?

1834లో ఇంగ్లండ్‌లో పేదల చట్టాన్ని మార్చారు. సాయం కావాలంటే ఇల్లు వదిలి వర్క్‌హౌస్‌లో, అంటే పేదల్ని ఉంచి పని చేయించే ఆశ్రమంలో, చేరాలన్నది కొత్త చట్టం ఉద్దేశం. లోపల బతుకు బయటి కూలివాడి బతుకు కంటే హీనంగా ఉండాలని కావాలనే పెట్టుకున్న నియమం. మగవాళ్లని, ఆడవాళ్లని, పిల్లల్ని విడివిడిగా ఉంచేవారు. భార్యాభర్తలైనా అంతే.

బొమ్మలో పెద్ద హాలు, బల్లల వరసలు, అందరికీ ఒకే రకం గుడ్డలు, గోడ మీద బైబిల్ వాక్యమో స్వాగతం పలికే అలంకారమో కనిపిస్తే వర్క్‌హౌస్ అనుకోవచ్చు. తప్పనిసరిగా చూడవలసింది మాత్రం బల్ల దగ్గర ఎవరెవరు కూర్చున్నారన్నది. అంతా మగవాళ్లే, లేదా అంతా ముసలమ్మలే అయితే ఇంచుమించు ఖాయం. కుటుంబం మొత్తం ఒకే బల్ల చుట్టూ ఉంటే అది వర్క్‌హౌస్ కాకపోవచ్చు. చర్చివాళ్లో, మరో సంస్థో పెట్టిన విందు అయి ఉంటుంది.

క్రిస్మస్ విందు కథ వేరు. కొత్త చట్టం వచ్చిన తొలి ఏళ్లలో పన్నుల డబ్బుతో పండగ భోజనం పెట్టకూడదన్నారు. 1840లో దాతలు తమ డబ్బుతో పెట్టుకోవచ్చన్నారు. 1847 తర్వాత వర్క్‌హౌస్ నడిపే గార్డియన్లు కూడా పెట్టొచ్చని ఒప్పుకున్నారు. వేయించిన గొడ్డుమాంసం, ప్లమ్ పుడ్డింగు, అక్కడక్కడా కాస్త బీరు, పొగాకు. కాబట్టి 1830ల చివర్లో గార్డియన్లే విందు పెడుతున్నట్టు బొమ్మ కనిపిస్తే దాని తేదీని ఒకసారి సరిచూసుకోండి.

గ్రాఫిక్ 1876 క్రిస్మస్ సంచికలో హూబర్ట్ హెర్కోమర్ గీసిన వర్క్‌హౌస్ బొమ్మ వచ్చింది. అందులో ముసలమ్మలకి కానుకలు అందుతున్నాయి. ఆ మరుసటి ఏడాది అతనే వెస్ట్‌మిన్‌స్టర్ యూనియన్ అనే లండన్ వర్క్‌హౌస్‌లోని ముసలమ్మల్ని మళ్లీ గీశాడు. ఈసారి పండగ లేదు, కానుకలు లేవు. దాన్నే 1878లో ఈవెన్‌టైడ్ అనే నూనె చిత్రంగా పెంచాడు. ఆ చిత్రం లివర్‌పూల్‌లోని వాకర్ ఆర్ట్ గ్యాలరీలో ఉంది. మొదటిదానితో పాటు రెండోదాన్ని కూడా తప్పకుండా చూడండి. డిసెంబర్ 25 దాటిన తర్వాత ఆ హాలు ఎలా ఉంటుందో అందులో ఉంది.

అందరూ చెప్పే ‘హౌస్‌లెస్ అండ్ హంగ్రీ’ బొమ్మలో అంత గొప్పతనం ఏముంది?

గ్రాఫిక్ మొట్టమొదటి సంచికలో, 1869 డిసెంబర్ 4న, వచ్చిన బొమ్మ అది. గీసింది లూక్ ఫైల్డ్స్, అప్పటికి వయసు ఇరవై ఆరేళ్లు. 1864 చట్టం ప్రకారం లండన్‌లో ఇల్లు లేనివాళ్లకి రాత్రి తలదాచుకోవడానికి వర్క్‌హౌసుల్లో క్యాజువల్ వార్డులు ఉండేవి. అందులోకి వెళ్లాలంటే ముందు పోలీస్ స్టేషన్‌లో చీటీ తీసుకోవాలి. తెల్లారాక బయటికి పోవాలంటే రాళ్లు కొట్టడమో, పాత తారు తాళ్లని వేళ్లతో పీకి పీచు తీయడమో చేయాలి. ఫైల్డ్స్ గీసింది ఆ చీటీ కోసం నిలబడ్డ వరసని.

దగ్గరగా చూడండి. వెనక పొడవాటి గోడ. గోడకి ఆనుకుని మనుషులు, వాళ్ల మధ్య ఖాళీలు. బిడ్డని చంకనేసుకున్న తల్లి, తండ్రి చేతుల్లో పిల్ల, టోపీ కిందికి లాక్కున్న మనిషి. దాదాపు ఎవరూ ఇంకొకరి వంక చూడటం లేదు. చూస్తే మాట్లాడాలి, మాట్లాడితే నోట్లోని వెచ్చదనం పోతుందన్నట్టుగా ఉంటారు. గోడ మీద కాగితాలు అతికించి ఉన్నాయి. 1874లో ఇదే బొమ్మని పెద్ద నూనె చిత్రంగా వేసినప్పుడు ఆ కాగితాల మీది అక్షరాలు చదవొచ్చు. తప్పిపోయిన కుక్కకి ఇస్తామన్న బహుమతి, వదిలేసి పోయిన పిల్లవాడి విషయంలో ఇస్తామన్నదాని కంటే ఎక్కువ. ఆ చిత్రాన్ని రాయల్ అకాడమీలో పెడితే జనాన్ని ఆపడానికి కటకటాలు పెట్టి, పోలీసుని నిలబెట్టవలసి వచ్చింది. ఇప్పుడది లండన్ దగ్గర ఎగమ్‌లో, రాయల్ హాలోవే కాలేజీలో ఉంది.

గొప్పతనం ఎక్కడంటే, ఈ బొమ్మలో దాత లేడు. కంబళి ఇచ్చే దొరసాని లేదు, గరిటె పట్టుకున్న పాస్టర్ లేడు. క్రిస్మస్ రోజుల్లో మిగతా బొమ్మలు చాలావరకు ఇచ్చే క్షణాన్ని చూపించాయి. ఫైల్డ్స్ ఎదురుచూసే గంటల్ని చూపించాడు. మా దృష్టిలో ఈ తరహా బొమ్మలన్నిటిలో ఇదే ముందుండాలి, కారణం కూడా ఇదే.

ఈ బొమ్మని మిలే చూసి చార్లెస్ డికెన్స్‌కి చూపించాడు. డికెన్స్ తన ఆఖరి నవలకి బొమ్మలు గీసే పని ఫైల్డ్స్‌కి ఇచ్చాడు. 1870లో డికెన్స్ పోయాక, ఆయన బల్ల ముందు ఖాళీ కుర్చీని ఫైల్డ్స్ గీస్తే అది అదే ఏడాది గ్రాఫిక్ క్రిస్మస్ సంచికలో వచ్చింది.

దాత ఉన్న బొమ్మల్ని ఎలా చదవాలి?

వెలుగు ఎవరి మీద పడుతోందో ముందు చూడండి. గుమ్మంలోంచో, లాంతరులోంచో వచ్చే వెలుగు చాలాసార్లు దాత ముఖం మీద పడుతుంది. తీసుకునేవాళ్లు వంగి, నీడలో ఉంటారు. తర్వాత చేతులు చూడండి. ఇచ్చే చేయి పైన, పుచ్చుకునే చేయి కింద ఉండటం మామూలే. మధ్యలో చిన్నపిల్ల ఉంటే, దాత బిడ్డ చేత ఇప్పిస్తున్నారంటే, అది ఇంటింటా చదివే పత్రిక కోసం వేసిన బొమ్మ: మీ పిల్లలకీ ఇది నేర్పండి అని తల్లులతో చెబుతోంది.

పేదవాళ్ల గుడ్డలు కూడా గమనించాలి. చిరిగినా ఉతికినవిగా, అతుకులు శుభ్రంగా వేసినవిగా గీస్తే, వీళ్లు సాయానికి తగినవాళ్లు అని చెబుతున్నట్టు. తగినవాళ్లు, తగనివాళ్లు అన్న విభజన ఆ కాలంలో చాలా గట్టిది. గ్రాఫిక్ పుట్టిన 1869లోనే లండన్‌లో ఛారిటీ ఆర్గనైజేషన్ సొసైటీ కూడా పుట్టింది. ఎవరికి పడితే వాళ్లకి దానం చేయొద్దు, విచారించి చేయండి అన్నది దాని మాట. ఫైల్డ్స్ వరసలో తగినవాడూ తగనివాడూ ఒకే గోడకి ఆనుకుని నిలబడ్డారు.

ఐర్లండ్ కరువు బొమ్మలు కూడా క్రిస్మస్‌కి వచ్చాయా?

వచ్చాయి, అందులో ఒక సంచిక గురించి విడిగా చెప్పాలి. ఇలస్ట్రేటెడ్ లండన్ న్యూస్ 1847 ఫిబ్రవరిలో జేమ్స్ మహోనీని స్కిబరీన్ ప్రాంతానికి పంపి బొమ్మలు వేయించింది. తర్వాత 1849 డిసెంబర్ 22 సంచికలో, అంటే క్రిస్మస్‌కి మూడు రోజుల ముందు, క్లేర్ కౌంటీలోని కిల్‌రష్ నుంచి బొమ్మలు వచ్చాయి. వాటిలో ఒకటి బ్రిజెట్ ఓడొనెల్, ఆమె ఇద్దరు పిల్లలది. చెప్పుల్లేవు, ఒంటి మీద గుడ్డ పీలికలైపోయింది, పిల్లలు చెరోవైపు అంటుకుని ఉన్నారు. ఆమె నిండు గర్భంతో, జ్వరంతో ఉండగా ఇల్లు ఖాళీ చేయించారు. కడుపులో బిడ్డ చనిపోయి పుట్టింది, పదమూడేళ్ల కొడుకు ఆకలితో పోయాడు. ఇవన్నీ ఆమె చెప్పిన మాటలుగా పత్రిక బొమ్మతో పాటు అచ్చు వేసింది. పేదల్ని పేరూ ఊరూ లేని గుంపుగా చూపించడం మామూలైన కాలంలో ఒక స్త్రీకి పేరు, ఊరు, సొంత మాట ఇవ్వడం చాలా అరుదు.

అదే సంచికలో ఇంకో బొమ్మ ఉంది. కిల్‌రష్‌లో పేదల చట్టం ఇన్‌స్పెక్టర్ కెప్టెన్ కెన్నెడీ చిన్నకూతురు, చుట్టూ చేరిన ఆడవాళ్లకీ పిల్లలకీ బట్టలు పంచుతోంది. కష్టం ఒక బొమ్మలో, దానం ఇంకో బొమ్మలో. వీటిని విడదీసి అమ్ముతుంటారు, విడదీసి పోస్ట్ చేస్తుంటారు. ఆ రోజు పాఠకుడు రెండింటినీ ఒకే సంచికలో చూశాడు. వీలైతే మీరూ రెండూ కలిపే చూడండి.

ఇవి ఎలా తయారయ్యేవి? చేత్తో గీసిందే అచ్చయిందా?

లేదు. గీసినవాడు ఒకడు, చెక్కినవాళ్లు పలువురు. పద్ధతి పేరు వుడ్ ఎన్‌గ్రేవింగ్. వాడే కలప బాక్స్‌వుడ్. టర్కీ, నల్ల సముద్రం వైపు నుంచి వచ్చేది. చాలా గట్టిది, పోగు చాలా సన్నం. మాను నిలువునా కోసిన పలక మీద కాదు, అడ్డంగా కోసిన మొహం మీద చెక్కుతారు. అందుకే ఎటు తిప్పి చెక్కినా పోగు చీలదు. దిమ్మ ఎత్తు సీసపు అక్షరాల ఎత్తుకి, 0.918 అంగుళాలకి, సమానంగా ఉండాలి. అప్పుడే బొమ్మ, అక్షరం ఒకే పుటలో, ఒకేసారి అచ్చవుతాయి. రాగిరేకు మీద చెక్కే పద్ధతికి ఈ వీలు లేదు. వార్తాపత్రికలు చెక్కని పట్టుకోవడానికి అసలు కారణం ఇదే.

బాక్స్‌వుడ్ చెట్టు సన్నగా, నెమ్మదిగా పెరుగుతుంది. అరడజను అంగుళాల వెడల్పు దొరికితే గొప్ప. అందుకని చిన్న చిన్న దిమ్మల్ని వెనక నుంచి ఇనప బోల్టులతో బిగించి పెద్ద దిమ్మ చేసేవారు. రెండు పుటల బొమ్మకి ముప్పై ముక్కల దాకా పట్టేవి. దిమ్మ మీద పలచగా తెల్లరంగు పూసి, చిత్రకారుడు బొమ్మని కుడిఎడమలు తిప్పి గీసేవాడు. తర్వాత బోల్టులు విప్పి, ముక్కల్ని తలా ఒకరికి పంచేవారు. రాత్రంతా దీపాల కింద అందరూ చెక్కితే తెల్లారేసరికి దిమ్మ సిద్ధం. ముఖాలు, చేతులు పెద్ద పనివాళ్లకి. గోడ, ఆకాశం, నేల చిన్నవాళ్లకి. విప్పకముందే అతుకు దాటే గీతల్ని పెద్ద మేస్త్రీ ఇటూ అటూ కాస్త కాస్త చెక్కి ఉంచుతాడు, మళ్లీ బిగించాక వాటిని కలుపుతాడు. అతను తొందరపడ్డ చోట, లేదా బోల్టు వదులైన చోట, అచ్చులో సన్నటి తెల్లగీత నిలువునానో అడ్డంగానో వస్తుంది.

నేరుగా చెక్కతోనే లక్ష కాపీలు వేస్తే గీతలు అరిగిపోతాయి. అందుకే దిమ్మ నుంచి మైనపు అచ్చు తీసి, దాని మీద కరెంటుతో రాగి పూత పట్టించి, ఆ రాగి నకలుతో అచ్చు వేసేవారు. 1860ల నుంచి బొమ్మని ఫోటోగా చెక్క మీదికి దింపడం మొదలైంది. అంతకు ముందు చిత్రకారుడు గీసిన అసలు బొమ్మ చెక్కుడులోనే పోయేది. 1850ల నాటి అసలు డ్రాయింగులు అంత అరుదుగా దొరకడానికి కారణం ఇది.

ఎక్కడ చూసినా మంచే ఎందుకు కురుస్తూ ఉంటుంది?

కొంత ఆచారం, కొంత పనివాడి సౌకర్యం. ఈ పద్ధతిలో ఉలి తగిలిన చోట తెలుపు, తగలని చోట నలుపు. నల్లటి గోడ ముందు పడే మంచు రేకు అంటే ఉలితో ఒక్క పోటు. వందల రేకులు నిమిషాల్లో వేయొచ్చు. నేల మీది మంచైతే ఇంకా తేలిక, వెడల్పు ఉలితో గుల్ల చేసేస్తే చాలు. అసలు కష్టం పొగమంచు, బూడిదరంగు ఆకాశం. వాటికోసం సన్నటి సమాన గీతలు వేలకొద్దీ, ఒకే దూరంలో, ఒకే లోతులో లాగాలి. ఒక్క గీత లోతు తప్పితే ఆకాశంలో చార కనిపిస్తుంది.

తెలుపు పెద్దగా ఉన్న చోట గుల్ల సరిగ్గా లోతుగా చేయకపోతే కాగితం కుంగి అక్కడ సిరా అంటుకుంటుంది. మంచు నేల మీద అక్కడక్కడా కనిపించే మురికి మచ్చలు చాలావరకు అవే. దుమ్మనుకుని రబ్బరుతో రుద్దకండి.

బొమ్మ మూలన ఉన్న పేరు గీసినవాడిదా, చెక్కినవాడిదా?

రెండూ ఉండొచ్చు. చెక్కినవాళ్ల పేరు పక్కన చాలాసార్లు లాటిన్ మాటకి పొట్టిరూపంగా ఎస్, సి అనే రెండు అక్షరాలు ఉంటాయి. గీసినవాడి పేరు పక్కన డి, ఇ, ఎల్ ఉండొచ్చు. డాల్జీల్, స్వెయిన్ లాంటి పేర్లు కనిపిస్తే అవి చెక్కుడు కార్ఖానాలవి, చిత్రకారులవి కాదు. అమ్మకందారులు దీన్ని తరచూ తారుమారు చేసి రాస్తారు. తొలి ఏళ్ల ఇలస్ట్రేటెడ్ లండన్ న్యూస్‌లో అసలు పేరే లేని బొమ్మలు బోలెడు.

శాంటాక్లాజ్ బొమ్మలు కూడా ఈ కోవలోకే వస్తాయా?

కొన్ని వస్తాయి. థామస్ నాస్ట్ మొదటి శాంటా బొమ్మ హార్పర్స్ వీక్లీ 1863 జనవరి 3 సంచికలో వచ్చింది. అమెరికా అంతర్యుద్ధం నడుస్తోంది. శాంటా ఉత్తరాది సైనికుల శిబిరానికి వచ్చి కానుకలు పంచుతున్నాడు. అదే సంచికలో లోపల రెండు పుటల బొమ్మ ఉంది: ఒకపక్క ఇంట్లో పిల్లల మంచం దగ్గర ప్రార్థిస్తున్న భార్య, ఇంకోపక్క శిబిరంలో ఒంటరి సైనికుడు. అంతకు ఏడాది ముందు, 1862 జనవరి 4న, విన్‌స్లో హోమర్ గీసిన బొమ్మలో సైనికులు ఇంటి నుంచి వచ్చిన క్రిస్మస్ పెట్టెలు తెరుస్తున్నారు.

క్రిస్మస్ బొమ్మలకి జనవరి తేదీలు ఏమిటని సందేహం వస్తుంది. ఆ పత్రిక మీద వేసిన తేదీకి ముందే అమ్మకానికి వచ్చేది. అంచేత హార్పర్స్‌లో క్రిస్మస్ బొమ్మ వెతికేటప్పుడు డిసెంబర్‌తో ఆపకుండా జనవరి మొదటి సంచిక కూడా తిరగేయండి.

డికెన్స్ క్రిస్మస్ కథ ‘ఎ క్రిస్మస్ కేరల్’లోని బొమ్మలు?

అవి పుస్తకంలోవి, పత్రికవి కావు. 1843 డిసెంబర్ 19న వచ్చిన ఆ పుస్తకానికి జాన్ లీచ్ ఎనిమిది బొమ్మలు వేశాడు. నాలుగు చేత్తో రంగులద్దిన లోహపు అచ్చులు, నాలుగు చెక్క అచ్చులు. అజ్ఞానం, లేమి అనే ఇద్దరు పిల్లల బొమ్మ చెక్క అచ్చే, చెక్కింది డబ్ల్యూ. జె. లింటన్. లీచ్ పంచ్‌లో కూడా గీసేవాడు కాబట్టి రెండింటి చేతివాటం ఒకటే.

వాన్‌గో ఈ బొమ్మలు దాచుకున్నాడంటారు, నిజమేనా?

నిజమే. హేగ్‌లో ఉన్న రోజుల్లో వెయ్యికి పైగా పత్రికా బొమ్మలు పోగుచేశాడు. 1883 మొదట్లో గ్రాఫిక్ పాత సంపుటాలు గుట్టగా కొని, బొమ్మలు కత్తిరించి మందపాటి కాగితాలకి అతికించుకున్నాడు. ఫైల్డ్స్, హెర్కోమర్, ఫ్రాంక్ హోల్ పేర్లు అతని ఉత్తరాల్లో మళ్లీ మళ్లీ వస్తాయి. తర్వాత అతను గీసిన ముసలివాళ్లు, ఖాళీ కుర్చీలు ఏ పుటల మీద పెరిగాయో చూడాలనుకునేవాళ్లకి ఆ సంపుటాలే దారి.

తెలుగు నేలకీ ఈ పత్రికలకీ సంబంధం ఉందా?

ఉంది, అది క్రిస్మస్ కంటే ముందు మొదలవుతుంది. 1876–78 కరువు, మన పెద్దలు ధాత కరువు అన్నది, మద్రాసు ప్రెసిడెన్సీలో బళ్లారి, కర్నూలు, కడప, నెల్లూరు జిల్లాల్ని ఎండగట్టింది. 1877 ఆగస్టులో మద్రాసు నుంచి లండన్ మేయర్‌కి సాయం కోరుతూ తంతి వెళ్లింది, మాన్షన్ హౌస్‌లో చందాల నిధి తెరిచారు. ఆ శరత్కాలంలో గ్రాఫిక్, ఇలస్ట్రేటెడ్ లండన్ న్యూస్ రెండూ ఈ కరువు బొమ్మలు వేశాయి. అక్టోబర్ 6 గ్రాఫిక్‌లో మద్రాసు కరువులో మందలో మిగిలిన ఆఖరి పశువుల బొమ్మ, అక్టోబర్ 20 ఇలస్ట్రేటెడ్ లండన్ న్యూస్‌లో బెంగుళూరులో సాయం కోసం కూర్చున్న జనం. వీటిలో చాలావాటికి ఆధారం ఫోటోలు. లండన్ పేదల్ని చెక్కిన పద్ధతితోనే, అలాంటి చేతులే, దక్షిణాది బక్కచిక్కిన ఒళ్లనీ చెక్కాయి. ఒక్క తేడా ఉంది. ఐర్లండ్‌లో బ్రిజెట్‌కి దక్కిన పేరు, సొంత మాట ఈ మనుషులకి దక్కలేదు. ఏ ఊరివాళ్లో కూడా బొమ్మ కింద ఉండదు.

నా దగ్గరున్న పుట అసలుదా, ఈమధ్య వేసిందా?

పదింతలు పెద్దగా చూపే భూతద్దం తీసుకోండి. గీతలు నల్లగా, అంచులు తెగినట్టు ఉంటే చెక్క అచ్చే. బూడిదరంగు కూడా సన్న నల్లగీతలుగానే కనిపించాలి. చిన్న చిన్న చుక్కలు వరసగా కనిపిస్తే అది హాఫ్‌టోన్, అంటే ఫోటోని చుక్కలుగా మార్చి అచ్చువేసే పద్ధతి. ఈ పత్రికల్లో ఆ పద్ధతి 1880ల చివర్లో, 1890ల్లో గానీ బలపడలేదు. రంగురంగుల చుక్కలు పువ్వు ఆకారంలో కనిపిస్తే మన కాలపు ఆఫ్‌సెట్ నకలు.

వెనక్కి తిప్పండి. మామూలు పుటకి వెనక అచ్చు ఉండాలి, రెండు పుటల బొమ్మకి మధ్యలో మడత ఉండాలి. ఇలస్ట్రేటెడ్ లండన్ న్యూస్ పుట సుమారు 28 సెంటీమీటర్ల వెడల్పు, 40 సెంటీమీటర్ల పొడవు. చాలా చిన్నదైతే అంచులు కత్తిరించి ఉంటారు. పుట నెత్తిన తేదీ ఉంటే అదే పెద్ద ఆధారం. తేదీని కత్తిరించి ఫ్రేము కట్టిన పుటని కొనేముందు రెండుసార్లు ఆలోచించండి.

రంగులున్న పుటల విషయంలో జాగ్రత్త. ఇలస్ట్రేటెడ్ లండన్ న్యూస్ మొదటిసారి రంగుల అచ్చు ఇచ్చింది 1855 డిసెంబర్ 22 క్రిస్మస్ అనుబంధంలో. అంతకు ముందరి పుట మీద రంగు ఉంటే తర్వాత ఎవరో చేత్తో పూసిందే. తర్వాతి వార్తా బొమ్మల మీది రంగులు కూడా ఎక్కువగా ఇలాంటివే.

మన వాతావరణంలో ఎలా దాచాలి?

తేమే మొదటి శత్రువు. గాలిలో తేమ 50 శాతం దగ్గర ఉంటే మంచిది, కోస్తాలో వానాకాలం 80 దాటుతుంది. బయటి గోడకి ఆనుకున్న బీరువాలో పెట్టకండి. ఆమ్లం లేని కాగితపు ఫోల్డరులో, పరుపుగా పడుకోబెట్టి ఉంచాలి. చుట్టి పెడితే మడతల దగ్గర చిట్లుతుంది. 1870ల తర్వాతి కాగితంలో చెక్క గుజ్జు కలవడం పెరిగింది కాబట్టి పాత పుటల కంటే కొత్త పుటలే ముందు గోధుమరంగుకి తిరిగి పెళుసవుతాయి. వేపాకు పెట్టే అలవాటుంటే గుడ్డసంచిలో పెట్టండి, నేరుగా తగిలితే మరక పడుతుంది.

చిరుగుకి సెల్లో టేపు వద్దు. పదేళ్లలో జిగురు పసుపెక్కి కాగితంలోకి ఇంకిపోతుంది. లామినేషన్ అసలే వద్దు, దాన్ని వెనక్కి తీయలేం. గోధుమ స్టార్చి ఒక వంతు, నీళ్లు ఐదు వంతులు, సన్నని సెగ మీద అరగంట కలుపుతూ ఉడికించి, వడగట్టి, చల్లార్చిన జిగురుతో జపాన్ టిష్యూ కాగితం వెనకవైపు అతికించాలి. బైండింగు వాళ్ల దగ్గర దొరికే మైదా జిగురు వాడకండి. పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం కలుపుతారు, ఆ రాగి కాగితాన్ని నెమ్మదిగా తినేస్తుంది. ఫ్రేము కడితే కాగితానికీ అద్దానికీ మధ్య మౌంటు బోర్డుతో రెండు మూడు మిల్లీమీటర్ల ఖాళీ ఉంచండి, ఎండ తగిలే గోడకి తగిలించకండి.

బైండు చేసిన సంపుటం దొరికితే దయచేసి పుటలు కోయొద్దు. 1849 డిసెంబర్ 22 నాటి ఆ రెండు కిల్‌రష్ బొమ్మల్లాంటివి విడిపోయేది అలాగే.

స్కాన్ చేస్తే బొమ్మ మీద అలలు వస్తున్నాయి. ఏం చేయాలి?

చెక్కిన సమాన గీతలు, తెర మీది చుక్కలు ఒకదానితో ఒకటి తగువుపడటం వల్ల వచ్చే అలలవి. 600 డీపీఐలో స్కాన్ చేసి, టిఫ్ ఫైలుగా దాచండి. స్కానర్‌లోని షార్పెన్ ఆపేయండి. చిన్నది చేయాల్సివస్తే ముందు కొంచెం బ్లర్ ఇచ్చి, తర్వాత తగ్గించండి. వెనక పుటలోని అక్షరాలు కనిపిస్తుంటే పుట వెనక నల్లకాగితం పెట్టండి. సంపుటాన్ని స్కానర్ మీద బోర్లించి నొక్కితే వీపు విరుగుతుంది. దానికి పైనుంచి కెమెరాతో ఫోటో తీయడమే మేలు.

వీటిని నా పుస్తకంలోనో, పాఠంలోనో వాడుకోవచ్చా?

మన చట్టం ప్రకారం చిత్రకారుడు పోయిన 60 ఏళ్లకి హక్కు తీరిపోతుంది. లీచ్ 1864లో, నాస్ట్ 1902లో, హెర్కోమర్ 1914లో, ఫైల్డ్స్ 1927లో పోయారు. కాబట్టి అడ్డు లేదు. మీరు స్వయంగా స్కాన్ చేసిన పుట అయితే ఏ చిక్కూ ఉండదు. మ్యూజియం వెబ్‌సైటు ఫోటో అయితే వాళ్ల షరతులు చదవండి.

బొమ్మ కింద ఈ వివరాలు తప్పక రాయండి: గీసినవాడి పేరు, తెలిస్తే చెక్కినవాడి పేరు, పత్రిక, పూర్తి తేదీ, పుట సంఖ్య. ఉదాహరణకి: లూక్ ఫైల్డ్స్, హౌస్‌లెస్ అండ్ హంగ్రీ, వుడ్ ఎన్‌గ్రేవింగ్, ది గ్రాఫిక్, 4 డిసెంబర్ 1869. ‘విక్టోరియా కాలపు పేదలు’ అని మాత్రం రాసి వదిలేయకండి.